వీరన్న బ్యాండ్‌సాకు బిగించిన లాక్‌నట్

2022 ఎండాకాలం. మహబూబాబాద్‌లోని నా లేత్ షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఒక చిన్న బ్యాండ్‌సా, దాని వెనకే కేసముద్రంలో గేట్లు, ట్రాక్టర్ తొట్లు చేసే వీరన్న, ఆయన భార్య యాకమ్మ దిగారు.

బ్యాండ్‌సా అంటే ఇనుము కోసే రంపం. పళ్లున్న సన్నని స్టీలు పట్టీ రెండు చక్రాల మీద తిరుగుతుంటుంది. దాన్ని మోసే ఆర్మ్ తన బరువుతో తానే కిందికి దిగుతూ కోస్తుంది. చిన్న మిషన్లలో దాన్ని చేత్తో ఆపుతూ దించాలి. పలుచని పైపు మీద దభీమని పడితే బ్లేడు పళ్లు రాలిపోతాయి. లావు కడ్డీ మీద మరీ మెల్లగా దించినా తంటాయే, పళ్లు ఊరికే రాసుకుని మొండిబారతాయి.

ఈ ఆపడంలో వీరన్న చేతికి మా వైపు పేరుంది. కోత చప్పుడు విని, ఏ ఇనుముకు ఎంత ఆపాలో చెప్పగల మనిషి. నేను లేత్ మీద ఇంతకాలం పనిచేసీ ఆ చెవి సంపాదించలేకపోయాను. ఆ చెయ్యే ఇప్పుడు వణుకుతోంది. నరాల జబ్బని, తగ్గేది కాదని పెద్ద దవాఖానాలో చెప్పారట.

"తమ్మీ, ఆర్మ్ ఆపుడు నాతోని అయితలేదు. ఏదన్న జేసి పెట్టు. దుకాణంల కూసునుడు బంద్ అయితే నేను బతకను," అన్నాడు వీరన్న.

"గట్లనకు," అని యాకమ్మ కసిరింది.

హైడ్రాలిక్ డౌన్‌ఫీడ్ పెడదామన్నాను. పెద్ద మిషన్లకు కంపెనీవాళ్లే ఇస్తారు. పని సులువుగానే అర్థమవుతుంది. ఆర్మ్ కింద నూనె నింపిన సిలిండర్ పెడతాం. ఆర్మ్ దిగుతూ దాన్ని నొక్కితే నూనె నీడిల్ వాల్వ్ అనే సన్నని దారిలోంచి పక్కనున్న డబ్బాలోకి పోతుంది. వాల్వ్ తిప్పి ఆ దారిని ఎంత ఇరుకు చేస్తే ఆర్మ్ అంత నిదానంగా దిగుతుంది. పైకి లేపేటప్పుడు నూనె సులువుగా వెనక్కి రావడానికి చెక్ వాల్వ్ ఉంటుంది.

పాత సామాన్ల కొట్టులో సిలిండర్ వెతికి, సీళ్లు మార్చి, బ్రాకెట్లు వెల్డింగ్ చేశాను. మొదట లోపల గాలి ఉండిపోయి ఆర్మ్ ఎగిరెగిరి దిగింది. మళ్లీ విప్పి గాలి తీశాను. పని నడిచిన నాలుగు రోజులూ వీరన్న బస్సులో వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఆయన చూస్తుంటే నాకు పరీక్ష రాస్తున్నట్టే ఉండేది.

చివరి రోజు పలుచని పైపు పెట్టి స్విచ్ వేశాం. ఆర్మ్ ఎవరూ పట్టుకోకుండా నిదానంగా దిగి, పైపును శుభ్రంగా కోసింది. వీరన్న అలవాటుగా చెయ్యి చాచాడు. మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. నా నోటికి హద్దు లేదు కదా, "చూసినవా అన్నా, ఇగ నీ చెయ్యితోని పనే లేదు!" అనేశాను. ఆయన నవ్వలేదు.

తర్వాత లావు కడ్డీ బిగించాం. ఆయన చప్పుడు విని, "జర జోరుగ దిగాలె," అంటూ వాల్వ్ మీద చెయ్యి వేశాడు. వేళ్లు వణికాయి. వాల్వ్ అవసరానికి మించి తిరిగింది, ఆర్మ్ దభీమని పడింది, బ్లేడు పళ్లు టపటపా రాలాయి. నేను స్విచ్ ఆపాను. కోపం వచ్చింది, దాచుకోలేదు. కొత్త బ్లేడు వేసి, వాల్వును పలుచని పైపుకు సరిపోయేలా తిప్పి, కదలకుండా దాని మీద లాక్‌నట్ వేసి స్పానర్‌తో గట్టిగా బిగించాను.

"ఇగ దీన్ని ముట్టకు అన్నా. లావు ఇనుము జర లేటుగ తెగుతది, గంతే."

"పండ్లు మొండిబోతయ్ తమ్మీ."

"బోతే కొత్త బ్లేడు ఏసుకుందురు తీ."

నా పని నాకు బ్రహ్మాండంగా తోచింది.

చలికాలంలో వేరే పని మీద కేసముద్రం వెళ్లి, దారిలోనే కదా అని వాళ్ల దుకాణానికి వెళ్లాను. యాకమ్మ ఒక్కతే లావు షాఫ్టు కోస్తోంది. గోడకు వీరన్న ఫొటో, దానికి పూలదండ. నాకెవరూ చెప్పలేదు.

ఆమె మిషన్ ఆపి మంచినీళ్లిచ్చింది. మా దగ్గర నుంచి వెళ్లాక ఆయన దుకాణంలో కూర్చోవడం మానేశాడట. వెనక గదిలో మంచం మీద ఉండి కోత చప్పుడు వినేవాడట.

"లోపలికెల్లే ఒర్రుతుండె తమ్మీ, 'యాకమ్మా, జర జోరుగ దిగనియ్యి, పండ్లు రాసుకపోతున్నయ్' అని. నట్టు బిగిచ్చి ముట్టొద్దన్నరు, నేనేం జెయ్యాలె అంటుంటి. దినాం ఒర్రె. కొన్నొద్దులకు ఒర్రుడు బంద్ జేసిండు. గటెన్క మాట్లాడుడు గూడ తక్వ జేసిండు."

నన్ను తప్పు పట్టలేదు. "నువ్వు మంచికే జేసినవ్," అంది. అది విని ఏడుపొచ్చింది. బండిలోంచి స్పానర్ తెచ్చి లాక్‌నట్ వదులు చేశాను. వాల్వ్ వేళ్లకు తేలిగ్గా తిరిగింది.

యాకమ్మ దాని మీద చెయ్యి వేసి అడిగింది: "గీ షాఫ్టుకు ఎంత దిప్పాలె తమ్మీ?"

నాకు తెలియదు. తెలిసిన మనిషి అన్ని నెలలు గోడ అవతలే పడుకుని, విసిగి మానేసేదాకా రోజూ గొంతెత్తి చెప్తూనే ఉన్నాడు. ఆ నట్టు వదులుగా ఉండి ఉంటే ఆయన చెప్పేవాడు, ఆమె తిప్పేది, ఈపాటికి నేర్చుకునేది. ఆయన కూడా చివరిదాకా దుకాణం నడిపినట్టే ఉండేది.

ఆ తర్వాత ఎన్నో మిషన్లకు డౌన్‌ఫీడ్ పెట్టాను. వాల్వును మాత్రం నేను సెట్ చేయను. ఆ మిషన్ మీద పనిచేసిన మనిషిని పిలిచి, చెయ్యి వణికినా సరే, పక్కన నిలబడి ఎంత తిప్పమంటే అంతే తిప్పుతాను.