పరుగులో పడినవాడు, ఆగాక పడినవాడు

నేను హెడ్ నర్సుగా పనిచేసిన ఆఖరి ఏడాది ఫిబ్రవరిలో, శ్రీకాకుళం దగ్గర ఒక మైదానంలో యూనిఫాం ఉద్యోగాల పరుగు పరీక్షకు నన్ను మెడికల్ టెంట్ డ్యూటీకి వేశారు. దాన్ని డెప్యుటేషన్ అంటారు. ఆసుపత్రి జీతం, మైదానం దుమ్ము. టెంటులో ఒక డాక్టరు గారు, నేను, బయట అంబులెన్సు. అభ్యర్థి ఛాతీకి నంబరు కట్టకముందు బీపీ, నాడి చూడటం, "పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా కళ్లు తిరిగాయా, పడిపోయావా?" అని అడగటం నా పని. అందరూ లేదనే అంటారు. ఉద్యోగం కోసం వచ్చినవాడు, వెనక లైనంతా వింటుండగా, అవునని చెబుతాడా?

పరుగయ్యాక మా దగ్గరికి మోసుకొచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఒకటే కథ. గీత దాటగానే టక్కున ఆగి కొయ్యలా నిలబడతారు. పరుగులో ఉన్నంతసేపూ పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తుంటాయి. ఉన్నట్టుండి ఆగితే ఆ తోపు ఆగి, రక్తం కాళ్లలోనే ఉండిపోతుంది, మెదడుకు తక్కువ అందుతుంది. కళ్లకు చీకట్లు కమ్ముతాయి, ముఖం పాలిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కాసేపటికే రంగు తిరిగొస్తుంది. ఎండకు నల్లబడ్డ మన ఒళ్ల మీద రంగు మారడం చటుక్కున తెలియదు. కింది పెదవి లోపల, అరచేతుల్లో, గోళ్ల కింద చూడాలి. తెల్లబడితే అక్కడికి రక్తం సరిగా రావడం లేదని, నీలం తిరిగితే ఆ రక్తంలో ఆక్సిజన్ చాలడం లేదని. రెండోది చూస్తే నేను ముందు మెడ దగ్గర నాడి వెతుకుతాను.

తిరుపతిరావు వేరే రకంగా పడ్డాడు. వాళ్లది చీపురుపల్లి దగ్గరి పల్లె, వరీ గోగూ పండించుకునే ఇల్లు. పొద్దున నేను అడిగితే నవ్వుతూ "నేదు మేడమ్" అన్నవాడే. గీత ఇంకా చాలా దూరం ఉండగా, పరుగులోనే, చేతులైనా అడ్డం పెట్టుకోకుండా బోర్లా పడిపోయాడు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. తాడు అవతల నిలబడ్డ బంధువులు ఎగబడ్డారు.

"మూర్స! మూర్సొచ్చీసినాది! తాళాలు తెండి, తాళాలు!"

ఇనుము పట్టుకుంటే మూర్ఛ దిగుతుందని మనవాళ్ల నమ్మకం. వాడి మేనమామ తన బండి తాళాలు వాడి గుప్పిట్లో పెట్టి, రెండు చేతులతో నొక్కి పట్టుకున్నాడు. ఒకరు లేపి కూర్చోబెట్టబోయారు, ఇంకొకరు సోడా తెచ్చి ముఖాన పోశారు. నేను జనాన్ని తోసుకుంటూ వెళ్లేసరికి కొట్టుకోవడం ఆగింది.

"సూడండి సిస్టరమ్మా, తగ్గిపోనాది" అన్నాడు మేనమామ.

తగ్గడమా! పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. గోళ్లు నీలం. మెడ దగ్గర నాడి లేదు, ఊపిరి లేదు. గుండె ఆగిన తొలి క్షణాల్లో మెదడుకు రక్తం అందక ఒళ్లు అలా కొట్టుకుంటుంది. చూసేవాళ్లకు అచ్చం మూర్ఛలాగే ఉంటుంది.

"లే అవతలికి! మూర్ఛ కాదు, గుండె ఆగింది!" అని అరిచి ఆయన భుజం పట్టి లాగాను. ఆయన మేనల్లుడి చెయ్యి వదలలేదు. డాక్టరు గారు, అంబులెన్సు డ్రైవరు కలిసి ఈడ్చాల్సి వచ్చింది. ఛాతీ నొక్కడం అక్కడే మొదలుపెట్టాం, అంబులెన్సులోనూ ఆపలేదు. ఆసుపత్రిలో కరెంటు షాక్ కూడా ఇచ్చారు. గుండె తిరిగి కొట్టుకోలేదు.

మార్చురీ బయట తల్లి నా చెయ్యి పట్టుకుంది. ఊళ్లో పొద్దుటి పరుగుల్లో అంతకుముందే రెండుసార్లు పడిపోయాడట. "మొకమంతా బూడిదైపోయినాది తల్లీ. నీరసమనుకున్నాం. గుడ్లెట్టినాం, పాలిచ్చినాం. టెంటుకాడ సెప్పొద్దన్నాడు మా తమ్ముడు, సెప్తే అన్‌ఫిట్ రాసెత్తారని." నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపం ఎవరి మీదంటే చెప్పలేను.

పోస్టుమార్టంలో గుండె గోడ ఉండాల్సినదానికన్నా బాగా మందంగా ఉందని తేలింది. ఇది వంశంలో వచ్చే జబ్బు, తోబుట్టువులకు ఎకో పరీక్ష చేయించండని డాక్టరు గారు చెప్పి పంపారు. తిరుపతిరావుకు ధనుంజయ అని తమ్ముడున్నాడు. కర్మకాండ అయిపోయింది, పరీక్షకు ఎవరూ రాలేదు. నేను ఫోన్ చేస్తే మేనమామ, "ఒకడు పోనాడు. రెండోవోడికి కూడా వంక పెట్టకండమ్మా" అని పెట్టేశాడు.

ఊరుకోబుద్ధి కాలేదు. నా సెలవు రోజున రైలెక్కి చీపురుపల్లిలో దిగి, ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. చెరకు తోటల పక్క రోడ్డు మీద ధనుంజయ పరిగెడుతున్నాడు. మేనమామ సెల్‌ఫోనులో టైము చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "బుద్ధుందా? ఇంకో శవం కావాలా మీకు?" అన్నాను. నర్సు అనాల్సిన మాట కాదది.

మేనమామ ఫోను కిందికి దించాడు. "ఆడికి నాను పరుగు తప్ప ఏటి నేర్పినాను సిస్టరమ్మా? ఇదీ నేకపోతే ఆడేటైపోతాడు?" అంటూ రోడ్డు మీదే చతికిలబడ్డాడు. అరుపులు విని తల్లి ఇంట్లోంచి వచ్చింది. కొడుకు రెక్క పట్టుకుని నా ఆటోలో కూర్చోబెట్టింది.

ఎకోలో అన్నదమ్ములిద్దరిదీ ఒకే జబ్బని తేలింది. మందులు రాసి, పరుగు, బరువులెత్తడం పూర్తిగా మానెయ్యమన్నారు. ధనుంజయ బయటికొచ్చాక నన్నన్నాడు.

"మా అన్నని ఆ జబ్బు తీసుకుపోనాది. నా ఉద్యోగం తీసినది మాత్రం నువ్వే."

"అవును, నేనే" అన్నాను.

ఆ ఉదంతం నాకు నేర్పింది ఇది. కళ్లు తిరిగాయా అని అడిగితే చాలదు. పరుగు ఆపాకా, పరుగు మధ్యలోనా అని అడగాలి. అదీ పక్కకు పిలిచి, వెంట వచ్చినవాళ్లనూ అడగాలి. ఆగాక కళ్లు తిరిగితే పడుకోబెట్టి కాళ్లెత్తి చూడొచ్చు. పరుగులో పడినవాణ్ణి, వెంటనే లేచి నవ్వినా సరే, గుండె పరీక్ష అయ్యేదాకా మళ్లీ పరిగెత్తనివ్వకూడదు. పడినవాడు పలక్కుండా ఊపిరి లేకుండా ఉంటే ఛాతీ నొక్కాలి, మరొకరు అంబులెన్సుకు ఫోన్ చెయ్యాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

ధనుంజయ ఇప్పుడు చీపురుపల్లిలో ఒక ఎరువుల కొట్లో పనిచేస్తున్నాడు. నేను ఆ వైపు వెళ్లినప్పుడు నన్ను చూసి ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. బతికున్నాడు.