ఇచ్చోడలో దాచిన రెండో పెన్‌డ్రైవ్

హుజూరాబాద్‌లో నా ఫొటో స్టూడియో ఉంది. నేను తీసిన పెళ్లిళ్లు, నిఖాలు, పుట్టువెంట్రుకల ఫొటోలన్నీ ఇంట్లో ముందుగదిలో పెట్టుకున్న సర్వర్లోనే ఉంటాయి. ఆ మెషిన్ లేవాలంటే దాని వెనక వేలిగోరంత పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చి ఉండాలి. నడిపించే సాఫ్ట్‌వేర్, దాని లైసెన్సు రెండూ అందులోనే. ఆ లైసెన్సు ఆ ఒక్క పెన్‌డ్రైవ్‌కే చెల్లుతుంది. ఇంకోదానిలోకి కాపీ చేసుకుంటే పనిచేయదు. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి నా మనసుకు నిలకడ లేదు. అది పోతే ఎట్లా? చివరికి రెండో పెన్‌డ్రైవ్‌కు కూడా లైసెన్సు తీసుకుని సిద్ధం చేశాను.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో పరేషాన్. సర్వర్ పక్కన సొరుగులో పెట్టాను. దొంగలు పడితే రెండూ పోతాయి కదా అని బీరువాలో చీరల మధ్యకు మార్చాను. చీర తీసినప్పుడు జారిపడుతుందేమోనని పప్పుడబ్బాలో వేశాను. నా భార్యకు విసుగొచ్చింది.

"పిల్లి పిల్లల్ని ఏడిండ్లు తిప్పినట్టు తిప్పుతున్నవ్ గదా! నా పప్పులకెళ్లి తియ్యి."

బతుకమ్మ పండక్కి వచ్చిన మా అక్కకు ఇచ్చి పంపాను. అక్క ఇచ్చోడలో నర్సు. మందుల తేదీలు, టీకాల డబ్బాలు కళ్లలో పెట్టుకుని చూసే మనిషి. అయినా నేను వారానికోసారి ఫోన్ చేసేవాణ్ణి.

"అక్కా, అది ఉన్నదా?"

"ఉన్నదిరా. ఏడికి పోతది? దానికేమన్న కాళ్లున్నయా?"

"తడి తగలకుండ చూడు."

"పెట్టురా ఫోను. నీ ఫికర్ నాకు అంటేటట్టున్నది."

మరుసటి వానాకాలం మా వీధి దర్జీ ఇంట్లోకి నీళ్లొచ్చాయి. ఆయన్ని చిన్నప్పటి నుంచీ చాచా అనే పిలుస్తాను. కూతురి నిఖా ఆల్బమ్ చంకలో పెట్టుకుని వచ్చాడు. పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

"బిడ్డవి గివే ఉండె. నీ తాన ఉన్నయా బేటా?"

"ఉన్నయ్ చాచా. జర టైమియ్యి."

ఆ మాట అన్న సాయంత్రమే కరెంటు పోయి వచ్చింది. మెషిన్ లేవలేదు. పెన్‌డ్రైవ్ తీసి వేరే రంధ్రంలో గుచ్చాను, ల్యాప్‌టాప్‌లో పెట్టి చూశాను. చలనం లేదు.

పొద్దున్నే మొదటి బస్సెక్కాను. కరీంనగర్‌లో మారి, నిర్మల్‌లో మారి, ఇచ్చోడలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క దాన్ని మందుసీసాలో దూది మధ్య పెట్టింది. చేతికివ్వబోయి ఆగింది.

"దీన్ల నువ్వు ఎప్పుడు రాసినవ్?"

"నీకిచ్చేటప్పుడే."

"అటెన్క మెషిన్ల ఏం మార్చలేదా? మేమైతే సీస మీద తేదీ చూడకుండ సూది ఎత్తం."

"ఏం మార్చలే" అని సీసా జేబులో వేసుకున్నాను.

తిరుగు బస్సు నిర్మల్ ఘాట్ దిగుతుండగా గుర్తొచ్చింది. మార్చాను! నా సర్వర్లో నాలుగు డిస్కులు. మూడింటిలో ఫొటోలుంటాయి. నాలుగోది కాపలా డిస్కు, మిగతావాటిలో ఒకటి చెడితే దాన్ని తిరిగి నిలబెట్టేది. చలికాలంలో పెద్ద డిస్కు తెచ్చి కాపలాకు పెట్టి, పాత కాపలా డిస్కును ఫొటోలతో నింపాను. ఏ డిస్కుకు ఏ పనో రాసి ఉండేది పెన్‌డ్రైవ్‌లోనే. నా జేబులోని దానికి ఈ మార్పు సంగతి తెలియదు. దాంతో మెషిన్ మొదలైతే ఫొటోలున్న డిస్కునే కాపలా డిస్కనుకుని దాని మీద రాసేస్తుంది. నిఖా ఫొటోలు ఆ డిస్కులోనే ఉన్నాయి. పది నిమిషాలకోసారి జేబు తడుముకుంటూ కూర్చున్నాను. అక్క అడక్కపోతే ఇంటికి పోయీపోగానే గుచ్చేసేవాణ్ణి.

మర్నాడు ముందు నాలుగు డిస్కుల వైర్లూ పీకేశాను. ఉత్త మెషిన్‌ను రెండో పెన్‌డ్రైవ్‌తో లేపి, అది డిస్కులను దానంతటదే మొదలుపెట్టకుండా ఆపుచేశాను. తర్వాత ఆపి, వైర్లు పెట్టి, మళ్లీ లేపాను. కాపలా డిస్కు ఏదో సైజు చూస్తేనే తెలుస్తుంది. దాన్ని కాపలాకు, మిగతా మూడింటినీ ఫొటోలకు అని పెన్‌డ్రైవ్‌లో కొత్తగా రాశాను. కానీ నా మీద నాకే నమ్మకం లేదు. డిస్కుల మీది నంబర్లు నా భార్య చదువుతుంటే తెరమీద సరిచూశాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

"అయిపాయె. ఇగ నొక్కు" అంది.

"జర ఆగు."

"ఎంతసేపు ఆగుతవ్? చాచా బయట కూసున్నడు."

నొక్కాను. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. ఊపిరి పీల్చుకుని చాచాను లోపలికి పిలిచాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశాడు. పెళ్లికొడుకు ఫొటో దగ్గర ఆపమన్నాడు.

"గీ షేర్వానీ నేనే కుట్టిన. ఎడమ భుజం జర ఎత్తున్నది చూడు. గప్పుడు కనవడలే."

నాకు కనబడలేదు. ఆయన మాత్రం ఆ భుజం దగ్గరే వేలు పెట్టి చూస్తూ ఉండిపోయాడు.

ఆ వారమే కంపెనీకి రాసి, చచ్చిన పెన్‌డ్రైవ్ లైసెన్సును కొత్తదానికి మార్పించుకున్నాను. ఇప్పుడు డిస్కు మారిస్తే చాలు, రెండు పెన్‌డ్రైవ్‌లలోనూ ఆ మార్పు రాసేదాకా అన్నం సహించదు. రాశాక కూడా, సరిగ్గా రాశానా అని మళ్లీ తెరిచి చూసుకుంటాను.