పదిహేను మందికి మంచిగున్న జీపు

అది 2011. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు డిపోల్లోంచి కదలడం లేదు, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు, సిరిసిల్లలో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు కూడా ఆగి ఆగి వినిపించేది. ముస్తాబాద్ వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డులో నా వర్క్‌షాపు. నేను పుట్టింది కోరుట్లలో, పని నేర్చుకున్నది జగిత్యాలలో, స్థిరపడింది సిరిసిల్లలో. పేరు ఖాజా. బంద్ పిలుపు ఉన్న రోజు నేనూ షెడ్డు మూసి ఊరేగింపులో నడిచినవాణ్నే.

నాది బండి కింద పని. ఇంజన్ పట్టుకొస్తే పక్క షెడ్డు చూపిస్తాను. కమాన్ కట్టలు, షాకప్‌లు, ఇరుసులు, ఇవే నా లోకం. కమాన్ కట్ట అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలు. పుస్తకాల్లో లీఫ్ స్ప్రింగ్ అని రాస్తారు. షాకప్ అంటే షాక్ అబ్జార్బర్, లోపల నూనె ఉండే గొట్టం. కమాన్ బరువు మోస్తుంది, మోస్తూ ఊగుతుంది. ఆ ఊపును పట్టి ఆపేది షాకప్. ఈ రెండూ మొగుడూ పెళ్లాల వంటివని మా ఉస్తాద్ చెప్పేవాడు. చెప్పిన రోజు నవ్వి ఊరుకున్నాను. అసలు సంగతి అర్థం కావడానికి రాజేశం గౌడ్ నడుము విరగాల్సి వచ్చింది.

జీపులు ఎత్తు లేపడంలో ఆ చుట్టుపక్కల నాకు కొంచెం పేరుండేది. కొంచెం అన్నానా? నా ముందు ఇంకో మెకానిక్ పేరు ఎత్తితే ముఖం ముడుచుకునేంత పేరు. కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వేసి, పొడుగు యూ బోల్టులతో బిగిస్తే బండి నాలుగు వేళ్లు లేస్తుంది. రాళ్ల దారిలో కింద తగలదు. ఆ పని నేను పొద్దున మొదలుపెట్టి మాపటికల్లా తాళంచెవి చేతిలో పెట్టేవాణ్ని.

ముస్తాబాద్ వైపు నుంచి శంకర్ గౌడ్ అనే అతను పాత జీపు తీసుకుని వచ్చాడు. సమ్మెలో బస్సుల్లేవు కదా, జనమంతా అతని జీపులోనే తిరుగుతున్నారు.

"ఖాజాభాయ్, బండి లేపాలె. వాగు మీది చిన్న వంతెన వానలకు కొట్టుకపోయింది. రాళ్లల్లకెల్లి దిగితే గేరుబాక్సు తాకుతాంది. పదిహేను మందిని ఎక్కించుకోని వాగు దాటాలె."

"గంతేనా?"

"ఇంకోటుంది. మా బావను దవాఖానకు తోల్కపోవాలె. తాటిచెట్టు మీదికెల్లి పడ్డడు. నడుము ఎముక పలిగింది. మూడు నెల్లసంది మంచంలనే."

పదిహేను మంది మాట నా చెవికి ఎక్కింది. బావ మాట ఎక్కలేదు. పదిహేను మంది బరువుకు తగ్గట్టు రెండేసి గట్టి పట్టీలు వేసి లేపేశాను. షాకప్‌లు చూశాను, కొత్తవే, నూనె కారడం లేదు. మంచి వాటిని ఎందుకు మార్చాలని వదిలేశాను.

మర్నాడే శంకర్ ఫోన్ చేశాడు. జనాన్ని కుక్కి వాగు దాటాడట, కింద ఎక్కడా తగల్లేదట, ముసలమ్మలు మెచ్చుకున్నారట. నేను రెండు రోజులు మీసం మెలేసుకుని తిరిగాను.

మూడో రోజు శంకర్ వాళ్లక్కను వెంటబెట్టుకుని షెడ్డుకు వచ్చాడు. ఆమె పేరు లచ్చవ్వ, తాటిచెట్టు మీంచి పడ్డ ఆ బావ రాజేశం భార్య. స్టూలు వేస్తే కూర్చోలేదు.

"ఉస్తాద్‌వు నువ్వేనా?"

"నేనే అక్కా. కూసో."

"కూసుంటందుకు రాలేదు. పదిహేను మందికి మంచిగున్న బండి, ఒక్క మనిషికి గిట్ల పానం తీస్తదేంది?"

జరిగింది శంకర్ చెప్పాడు. నాలుగు రోజుల్లో కరీంనగర్‌లో ఎముకల డాక్టరుకు చూపించాలి. మళ్లీ ఎక్స్‌రే తీసి, ఎముక అతికిందో లేదో చూసి, ఆపరేషన్ కావాలో వద్దో చెబుతానన్నాడు. కుదుపు తగిలితే ఎముక జరుగుతుంది, ఎముక జరిగితే కాళ్లు పడిపోతాయని ముందే భయపెట్టి పంపాడు. లచ్చవ్వ తెలివైన మనిషి. ఆ రోజు దాకా ఆగకుండా, జీపులో పరుపు వేసి, రాజేశాన్ని చెక్క పలక మీద పడుకోబెట్టి, వాగు దాకా పోయి చూద్దామంది. వాగు దాకా కూడా పోలేదు. బాటలో రెండో రాయి దాటగానే రాజేశం అరిచాడు. వెనక్కి తిప్పారు.

"108 వాళ్లు?" అన్నాను.

"ఆపదైతెనే అస్తరట. చూపిచ్చుకునెటందుకు రారట," అన్నాడు శంకర్. "మంచంతోని ఎత్తుకోని వాగు దాటుదమంటె కాళ్ల కింద పాచిరాళ్లు. ఎవడు జారినా అంతే సంగతి."

నేను జీపు చుట్టూ ఒకసారి తిరిగి, కమాన్ మీద కాలితో తట్టి, నోటికి వచ్చిన మాట అనేశాను. "కొత్త పట్టీలు అక్కా. గట్టిగుంటయి. ఓ వారం నడిస్తె అవే సెట్ అయితయి."

మా పనిలో ఈ మాటను మించిన పానా లేదు. ఏం తెలియకపోయినా ఇది తెలిస్తే చాలు, షెడ్డు నడుస్తుంది. జగిత్యాలలో నేను పానాల సైజుల కన్నా ముందు నేర్చుకున్నది ఇదే. వంద మందికి చెప్పి ఉంటాను, వంద మందీ తలాడించి పోయారు.

లచ్చవ్వ తలాడించలేదు. "నాలుగొద్దులల్ల దవాఖానకు పోవాలె. వారం ఏడికెల్లి తేవాలె? నువ్వు తెచ్చిస్తవా?"

నాకు కోపం వచ్చింది. నా పనికి వంక పెట్టినవాళ్లు ఇప్పటిదాకా లేరని కొంచెం గట్టిగానే అన్నాను. ఆమె మాత్రం గొంతు పెంచలేదు.

"నీ పనికి వంక పెడ్తలేను తమ్మీ. మా ఆయిన నడుముకు దెబ్బ తాకుతాంది అంటాన్న. ఎందుకు తాకుతాందో జర చూడు."

షెడ్డు మూసి వాళ్లతో పోయాను.

రాజేశం నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. నడుముకు బెల్టు, ముఖాన పెరిగిన గడ్డం. ఇరవై ఏళ్లు తాటిచెట్లు ఎక్కిన మనిషి కప్పు వైపు చూస్తూ మాట్లాడుతుంటే నాకు పక్కన నిలబడడానికి కూడా ఇబ్బందిగా అనిపించింది. ఆయనకు మాత్రం నవ్వులాటే.

"రా తమ్మీ. నా నడుమును, నీ బండిని ఇద్దరినీ ఒక్కసారే చూస్తవా?"

"రాయి తగులంగనే నొస్తాందా అన్నా?"

"లేదు. రాయి ఎక్కేటప్పుడు ఏం కాలే. మెత్తగనే లేపింది. రాయి దిగేటప్పుడే. కింద ఏం తగల్లే గని, ఎవడో కిందికి గుంజినట్టు టక్కుమన్నది."

"కింద తగలకుంట దెబ్బ ఎట్ల తాకుతదే?"

ఆయన కళ్లతోనే గోడ వైపు చూపించాడు. మేకుకు మోకు వేలాడుతోంది. చెట్టు చుట్టూ, తన నడుము వెనకగా తిప్పి గీత కార్మికుడు వేసుకునే తాడు అది. దాని ఆసరాతోనే వెనక్కి ఒరిగి ఎక్కుతారు, దిగుతారు.

"సన్న చెట్టుకు కొలిశిన మోకును లావు చెట్టుకు ఏస్తే ఏమైతది? తాడు ఆడికే అయిపోతది. నువ్వు ఇంకింత ఒరగపోతే నడుమును గుంజుతది. చెట్టు కదల్లే, తాడు తెగలే, దెబ్బ నీకే. నీ బండి కింద గసొంటి తాడు ఏమన్న ఉన్నదా?"

ఉంది. నాలుగు ఉన్నాయి. కొత్తవే కదా అని నేను ముట్టుకోకుండా వదిలేసినవి.

"ఇంకోటి చెప్తా విను," అన్నాడు. "ఎక్కేటప్పుడు ఎవ్వలు పడరు తమ్మీ, భయం ఉంటది. దిగేటప్పుడే పడ్తరు. నేను గట్లనే పడ్డ. గందుకే దిగుడు మీదనే నా పానం."

బయటికి వచ్చి జీపు వెనక ఆ పరుపు మీదే నేను వెల్లకిలా పడుకున్నాను. శంకర్‌ను రాళ్ల బాటలో పోనిమ్మన్నాను. అన్నేళ్ల పనిలో అలా పడుకుని ఏ బండీ చూడలేదు. ఎప్పుడూ డ్రైవర్ సీటే, చేతిలో స్టీరింగే. వాకిళ్లలో ఆడవాళ్లు చూసి నవ్వారు. "ఉస్తాద్‌కు నిద్రచ్చినట్టుంది," అని ఎవరో అన్నారు. మొదటి రాయి ఎక్కింది, ఏమీ లేదు. దిగింది. టక్కున నా వెన్నులో తగిలింది. ఆరోగ్యంగా ఉన్న నాకే నడుము కలుక్కుమంది. పడుకున్నవాణ్ని పడుకున్నట్టే సిగ్గుపడ్డాను.

తర్వాత కిందికి దూరి, షాకప్ కింది బోల్టు విప్పి, గొట్టాన్ని చేత్తో లాగి చూశాను. ఖాళీ బండిలో అది అప్పటికే సాగాల్సినంత సాగి ఉంది, వేలెడు కూడా మిగల్లేదు. పదిహేను మంది ఎక్కితే కమాన్‌లు అణుగుతాయి, షాకప్ మధ్యలోకి వస్తుంది, అటూ ఇటూ కదలడానికి చోటుంటుంది. ఒక్క మనిషి పడుకుంటే గట్టి కమాన్ అణగనే అణగదు. చక్రం రాయి దిగి గుంటలోకి జారగానే, పొట్టి షాకప్ చివరికంటా సాగి ఆగిపోయి, బండిని కిందికి గుంజుతుంది. లచ్చవ్వ అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. బండిని నేను పదిహేను మందికి లేపాను, ఎక్కాల్సింది రాజేశం.

అప్పటికి మూడు రోజులే మిగిలాయి. పొడుగు షాకప్‌లు సిరిసిల్లలో లేవు. ఒక దారానికి రెండు ముడులు వేసుకున్నాను: ఒకటి ఇరుసు పూర్తిగా వేలాడితే ఎంత పొడుగు కావాలో, ఇంకొకటి బండి పూర్తిగా అణిగితే ఎంత చోటు మిగులుతుందో. ఆ దారం జేబులో పెట్టుకుని మోటారు సైకిల్ మీద జగిత్యాల పోయాను. ఆ రోజు అక్కడ బంద్. నేను పని నేర్చుకునే రోజుల్లో సామాన్లు తెచ్చిన దుకాణం ముందు కుర్రాళ్లు జెండాలతో కూర్చుని ఉన్నారు. సంగతి చెప్పాను. వాళ్లే పోయి యజమానిని ఇంట్లోంచి పిలుచుకొచ్చి, సగం షట్టర్ ఎత్తించి, నేను బయటికి రాగానే మళ్లీ దించారు.

తిరిగి వచ్చి వెనక కమాన్‌లలో నేను వేసిన రెండేసి పట్టీల్లో ఒక్కొక్కటి తీసేశాను. బండి వెనక రెండు వేళ్లు దిగింది, దిగితే దిగనీ అనుకున్నాను. పొడుగు షాకప్‌లు బిగించాను. పొడుగు షాకప్‌కు ఇంకో గండం ఉంటుంది: బరువెక్కి కమాన్ అణిగినప్పుడు లోపల అడుగు తాకుతుంది. అందుకని పైన తగిలే రబ్బరు దిమ్మ మందం పెంచాను. పది మందికి మించి ఎక్కించొద్దని శంకర్‌కు చెప్పాను. అతను గొణిగాడు. వాళ్లక్క ఒక చూపు చూసింది, గొణుగుడు ఆగింది.

ఆఖరుకు రెండు వడ్ల బస్తాలు ఇరుసు మీదుగా వేయించాను, కమాన్ కాస్త అణగడానికి. మళ్లీ నేనే పడుకుని ఆ బాటంతా పోయి, వాగు దాటి, తిరిగి వచ్చాను. ఈసారి రాయి ఎక్కడం మీద ధ్యాసే పెట్టలేదు, దిగడం మీదే పెట్టాను.

దవాఖాన రోజు నేనూ వాళ్లతో పోయాను. ఎవరూ రమ్మనలేదు, ఉండబట్టలేక పోయాను. వాగులోకి దిగేటప్పుడు రాజేశం వైపే చూస్తూ కూర్చున్నాను. లచ్చవ్వ ఆయన చేయి పట్టుకుని కూర్చుంది. జీపు ఒక్కో రాయీ ఎక్కి దిగుతోంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. అవతలి గట్టు ఎక్కాక తెరిచి, "అయిపోయిందా వాగు?" అన్నాడు. లచ్చవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది.

సిరిసిల్ల దాటే చోట సమ్మెవాళ్ల వంటావార్పు, రోడ్డు మీదే వండుకు తినే నిరసన. అడ్డంగా పొయ్యిలు, రాళ్లు. లోపల మనిషిని చూసి వాళ్లే రాళ్లు దొర్లించి దారి ఇచ్చారు. అందరూ జై తెలంగాణ అంటున్నారు. రాజేశం నా వైపు చూశాడు.

"తమ్మీ, జై తెలంగాణ అంటే నడుము కదుల్తదా?"

"మెల్లగ అను అన్నా."

మెల్లగానే అన్నాడు. పక్కనున్న నాకు మాత్రమే వినిపించింది.

కరీంనగర్‌లో ఎక్స్‌రే చూసి డాక్టరు ఎముక అతికిందన్నాడు. ఆపరేషన్ అక్కర్లేదు, ఇంకో నెల బెల్టు, ఆ తర్వాత మెల్లగా నడక. నేను బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. శంకర్ చూసి చాయ్ తెచ్చిపెట్టాడు.

ఆ తర్వాత నా షెడ్డులో రెండు మారాయి. బండి లేపమని ఎవరొచ్చినా, ఎంత ఎత్తు అని అడగను. అందులో ఎవరు ఎక్కుతారని అడుగుతాను. కుర్రాళ్లకు విసుగు. లోకానికి చూపించుకోవడానికి లేపేవాడు, ఎవరు ఎక్కుతారంటే ఏం చెబుతాడు? విసుక్కుంటే పక్క షెడ్డు చూపిస్తాను. రెండోది, నడిస్తే సెట్ అవుతుందనే మాట మళ్లీ నా నోట రాలేదు. తెలియకపోతే తెలియదంటాను. మొదట్లో నాలుక తిరగలేదు, తర్వాత అలవాటైంది.

చలికాలంలో ఒక రోజు వేరే జీపు లేపి, వెనక చాప వేసుకుని పడుకుని, యజమానిని రాళ్ల మీదుగా తోలమంటున్నాను. షెడ్డు ముందు శంకర్ జీపు ఆగింది. రాజేశం చేతికర్రతో తనంతట తానే దిగి, నడిచి వచ్చి, లోపలికి తొంగి చూశాడు.

"ఏంది తమ్మీ, పట్టపగలు పండుకున్నవ్?"

"పనే చేస్తాన్న అన్నా."

"మంచి పని దొరికింది నీకు. జరుగు."

వద్దంటున్నా వినకుండా మెల్లగా ఎక్కి, నా పక్కన వెల్లకిలా పడుకుని, కర్రను పొట్ట మీద పెట్టుకున్నాడు. జీపు రాయి ఎక్కింది. దిగింది.

"ఏమంటవే అన్నా?"

"ఎనుక ఎడమ దిక్కు జర గుంజుతాంది," అన్నాడు.

దిగి కొలిచి చూస్తే, నిజంగానే అటువైపు షాకప్ వేలెడు పొట్టిగా ఉంది.