రోడ్డు పక్కన రెయినో

రెయినో కంగస్ జూలైలో పోయాడు. మంచు లేని నెలలో పోవడం ఆయనకి నచ్చి ఉండదని ఆయన భార్య ఎల్నా అంది. మా మిషిగన్ ఉత్తరపు కొసన కౌంటీ తరఫున రోడ్ల మీది మంచు తోసే లారీ నడిపినవాడు రెయినో. మంచును తిట్టడం, తోయడం, మళ్ళీ పడితే మళ్ళీ తిట్టడం, రిటైరయ్యేదాకా ఇదే ఆయన బతుకు. రిటైరయ్యాక తిట్టడం ఒక్కటే మిగిలింది.

చితాభస్మం ప్లాస్టిక్ డబ్బాలో వచ్చింది. ఎల్నా దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది. రెయినో చెల్లెలు లెంపి మాత్రం చర్చి వెనక శ్మశానంలో పూడ్చాల్సిందేనని రోజూ ఫోన్ చేసేది. ఇంతలో, పాత బ్యాంకు భవనంలో ఉండే నోరా అనే చిత్రకారిణి భస్మాన్ని రంగులో కలిపి బొమ్మలు వేస్తుందని ఎల్నా ఎక్కడో విన్నది. పక్కింటివాణ్ణి కాబట్టి నన్ను కారు తియ్యమంది.

"అందరూ సరస్సు మీద సూర్యాస్తమయం అడుగుతారండీ," అంది నోరా.

"రెయినోకి సరస్సు పడదు. చలిగాలంతా అక్కణ్ణుంచే వస్తుందనేవాడు."

"పోనీ, ఆయనకేం ఇష్టం?"

ఎల్నా కిటికీలోంచి బయటికి చూపించింది. "రోడ్డు."

"రెండు పక్కలా చెట్లు, ఎర్రబడిన ఆకులు..."

"ఆకులెందుకమ్మా? ఫిబ్రవరిలో రోడ్డు. మంచు తోసేశాక."

నోరా రాసుకుంది. భస్మం రెండు చెంచాలు చాలంది.

"అంతేనా? అంత మనిషికి?" అంది ఎల్నా, కాస్త నొచ్చుకుని.

అక్టోబరులో బొమ్మ చూడ్డానికి వెళ్ళాం. రోడ్డు బాగానే ఉంది. పైన ఆకాశం మాత్రం వెండిలా మెరిసిపోతోంది.

"ఆయన్నెక్కడ పెట్టావు?"

"ఆకాశంలోనండీ. ఆ వెలుగంతా ఆయనే."

"నిచ్చెనెక్కితేనే ఆయనకి కళ్ళు తిరిగేవి. కిందికి దించమ్మా."

 నోరా చాకుతో ఆకాశాన్ని జాగ్రత్తగా గీకి, ఆ రంగునే మళ్ళీ కలిపి, రోడ్డు పక్కన తోసిపోసిన బూడిదరంగు మంచుకుప్పలో పూసింది. ఈసారి ఎల్నా తల ఊపింది.

బొమ్మ వంటింట్లోకి వచ్చింది. మరునాడు లెంపి వచ్చి, కోటు కూడా విప్పకుండా దాని ముందు నిలబడింది.

"మా అన్నయ్యని మురికి మంచులో కలిపావా వదినా?"

"ఆయన పోసిన మంచేగా."

"చర్చిలో అడిగితే ఏం చెప్పను?"

"రోడ్డు మీదున్నాడని చెప్పు. ఆయన చర్చికి రానప్పుడల్లా అదేగా చెప్పేదానివి."

లెంపి కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్ళింది. అంగుళం అంగుళం చూసింది.

"ఈ మలుపు దగ్గర సరిగ్గా తోయలేదు. మా అన్నయ్య ఇలా వదిలెయ్యడు."

ఎల్నా కూడా చూసింది. నిజమే. నోరాకి ఫోన్ చేస్తే ఆ పిల్ల కుంచెలు పట్టుకుని వచ్చింది. లెంపి వెనక నిలబడి పని చేయించింది. "ఇంకాస్త జరుపు. పాలలారీ తిరగాలి అక్కడ." మలుపు వెడల్పయ్యాక లెంపి, రెయినో కుర్చీలో కూర్చుని, కోటుతోనే, వెక్కి వెక్కి ఏడ్చింది. ఎల్నా కాఫీ, యాలకుల రొట్టె ముందు పెట్టి, ఏడుపు అయ్యేదాకా పక్కనే నిలబడింది. మిగతా భస్మాన్ని ఆ శనివారమే చర్చి వెనక పూడ్చారు. లెంపి మాట కూడా దక్కింది.

ఆ చలికాలంలో ఒక రోజు నేను వాళ్ళ గుమ్మం ముందు మంచు తీసి లోపలికి వెళ్తే, ఎల్నా ఆ బొమ్మని వేలితో తడుముతూ కనిపించింది. ఆ కుప్ప దగ్గర రంగు గరుగ్గా ఉంటుంది.

"గడ్డం గీసుకోని రోజున ఇలాగే ఉండేవాడు," అంది. వేలు ఏప్రన్‌కి తుడుచుకుని, "సూప్ తాగుతావా?" అనడిగింది. తాగాను.

వసంతం వచ్చాక నన్ను మళ్ళీ కారు తియ్యమంది. బొమ్మ వెనక సీట్లో పెట్టుకున్నాం.

"నాక్కూడా చోటుంచు," అంది నోరాతో.

"ఆయన పక్కనే ఉంచనా?"

"ఆ చలిలోనా? నాకేం పట్టింది! దూరంగా ఒక ఇల్లు వెయ్యి. నేను లోపలుంటా."

నోరా రోడ్డు చివర చిన్న ఇల్లు వేసింది. కిటికీకి మాత్రం రంగు వెయ్యకుండా వదిలేసింది. ఇప్పుడు వంటింట్లోకి వచ్చినవాళ్ళు ఆ తెల్ల చుక్క ఏమిటని అడుగుతుంటారు. ఎల్నా వాళ్ళకి కాఫీ పోస్తూ, "అది నాది. తొందరేం లేదు," అంటుంది.