అత్తమ్మ, అంబాసిడర్, తుల్జాపూర్ ఘాటు

మొన్న మా వాడు కొత్త కారు తెచ్చి నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. బండి వెనక్కి తీస్తుంటే ఎదురుగా ఉన్న చిన్న తెర మీద వెనకాల గోడ, గోడ మీద ఆరేసిన నా చీర, దాని కింద పడుకున్న కుక్క అన్నీ కనిపించాయి. పైగా కారే కీక్ కీక్ మంటూ జాగ్రత్తలు చెబుతోంది. "చూశావా అమ్మా, ఎంత సులువో!" అన్నాడు. నాకు నవ్వాగలేదు. ఒరేయ్, మీ నాయనమ్మ ఈ తెరలూ కూతలూ ఏమీ లేకుండానే, కొంగు నడుముకు దోపి, మెడ ఒక్కసారి వెనక్కి తిప్పి, అని మొదలుపెట్టాను. వాడు సగం విని ఫోను అందుకున్నాడు. వాడు వినకపోతే పోనీ, మీరు వినండి.

ఎనభైల చివర్లో నేను మహారాష్ట్రలోని షోలాపూర్‌లో, మన తెలుగు నేతవాళ్ళుండే భవాని పేట్‌లో కోడలిగా అడుగుపెట్టాను. కింద చద్దర్లు నేసే కార్ఖానా, పైన మా కాపురం. తెల్లారింది మొదలు సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు, చెవులు చిల్లులు పడేలా ఆడుతూనే ఉండేవి. ఆ రొదలో బతికి బతికి మా గల్లీలో అందరికీ గొంతులు పెద్దవైపోయాయి. ముద్దు చేసినా తిట్టినట్టే ఉంటుంది. వచ్చిన మర్నాడు మా మామ "బువ్వ తిన్నవా బిడ్డా?" అని అడిగితే, ఏం తప్పు చేశానో ఏమోనని నేను వెక్కివెక్కి ఏడ్చాను. ఆ మామకు ఒక పాత అంబాసిడర్ ఉండేది. కన్నకొడుకు కన్నా ఎక్కువ. ఆదివారం ఆదివారం దానికి తలంటు పోసేవాడు. ముందుకు నడపమంటే గుర్రమెక్కిన రాజులా పోయేవాడు కానీ, రివర్సు మాత్రం ఆయనకు రాదు. ఎటు తిప్పాలో తెలియక పక్కవాళ్ళ అరుగులు విరగ్గొట్టాడు. మా గల్లీలో బండి తిరగదు. ముక్కు లోపలికి పెట్టి నిలిపిన కారును పెద్ద రోడ్డు దాకా వెనక్కే తీయాలి. మొదట్లో అత్తమ్మ వెనక నిలబడి దారి చెప్పేదట. మూడో అరుగు విరిగిన రోజు విసుగొచ్చి, మామను చూసి చూసి పట్టుకున్న విద్యతోనే, "జరుగు" అని తానే ఎక్కింది. అప్పటి నుంచి ఆ పని ఆమెదే. చుడుతున్న బీడీల చాట పక్కన పెట్టి, ఒళ్ళోని తునికాకు తుక్కు దులుపుకుని, జర్రున పెద్ద రోడ్డు దాకా తీసేది. అక్కడ దిగి తాళం మామ చేతిలో పెట్టి ఇంటికి వచ్చేసేది. ముందుకు ఒక్క గజం కూడా నడపనిచ్చేవాడు కాదు. "ఆడది బండి తోల్తె పేటంత నవ్వుతది" అనేవాడు. వెనక్కి తోలితే నవ్వని పేట ముందుకు తోలితే ఎందుకు నవ్వుతుందో ఆ మహానుభావుడు ఎన్నడూ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం నేనూ ఆమె పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తుంటే, ఉన్నట్టుండి అంది: "దేవుడు నాకు ఒక్కటియ్యాలె బిడ్డా. గా బండిని ఒక్కపారి సీదా ముందటికి తోలాలె. గల్లీల కాదు, ఘాటు మీద." ఘాటంటే తుల్జాపూర్ కొండ ఎక్కే మెలికల దారి. ఆ మాట అన్నప్పుడు ఆమె చెయ్యి ఆగిపోయింది. బీడీ చుట్టే చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదలు.

ఇక అసలు సంగతి. మామ లాంటి కార్ల పిచ్చివాళ్ళు పేటలో మరో ఇద్దరుండేవారు. రంగుల సేటుకు ఫియట్, నూలు సేటుకు జీపు. శ్రావణంలో వానలు పడి కొండలు పచ్చబడ్డాయని విని, కార్ఖానా సెలవు నాడు ముగ్గురూ మూడు బండ్లలో షికారు పోవాలని ముచ్చటపడ్డారు. తుల్జాపూర్ ఘాటు ఎక్కి, అటునుంచి నల్‌దుర్గ్ కోటలో నీళ్ళు దూకే చోటు చూసి, హైవే మీదుగా తిరిగి రావాలి. దీనికి వారం రోజులు మంతనాలు! నేల మీద సుద్దముక్కతో దారి గీసి, ఎవరు ముందు, ఎవరు వెనక, చాయ్ ఎక్కడ అని యుద్ధానికి పోయేవాళ్ళలా వాదించుకున్నారు. కోజాగిరి పున్నానికి, అంటే దసరా వెళ్ళాక వచ్చే పున్నమికి, మా పేట ఆడవాళ్ళు అమ్మవారి దర్శనానికి చెప్పుల్లేకుండా నడిచి ఎక్కే ఘాటే అది. అత్తమ్మ ఏటా ఎక్కేది. ఆ మాట వాళ్ళకు ఎవరు చెప్పాలి?

మంతనాలన్నీ కార్ఖానాలోనే, సాంచెల చప్పుడులో, రహస్యంగా. రహస్యమంటే మా వాళ్ళ లెక్కలో ఒకరి చెవిలో ఒకరు అరుచుకోవడం. ఒక సాయంత్రం నూలు సేటు గొంతు చించుకుంటుండగా ఠపీమని కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారిగా ఆగాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన మాట ఒక్కటే గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా మోగింది: "ఆడోళ్ళను మాత్రం తేవొద్దు! ఒక్కరెక్కినా మజా పోతది!"

గుమ్మాలన్నీ తెరుచుకున్నాయి. అత్తమ్మ చాట పట్టుకునే కార్ఖానా గడప మీదికి వచ్చి నిలబడింది.

"బరం, మంచిదే, తేకుండ్రి. మరి గల్లీకెల్లి బండి ఎవడు తీస్తడు?"

చూడాలి మామ ముఖం! ఎదురింటి ముసలామె "అడుగు వదినె, గట్టిగ అడుగు!" అని కేకేసింది. మామ బుర్ర గోక్కుని "పెద్ద రోడ్డు దాంక తీసి నువ్వు దిగు" అన్నాడు. "దిగ. ముందు సీట్ల కూసుంట, కోడలు ఎన్కల కూసుంటది. కాదంటె బండి గల్లీలనే ఉంటది, దండేసి పూజ చేస్కోండ్రి" అంది. అలా ఆ ప్రణాళికలో మేమిద్దరం చేరాం. మా ఆయనకు కార్లంటేనే తలనొప్పి, సంతోషంగా ఇంట్లో పడుకున్నాడు.

ఘాటు సగం ఎక్కాం. సన్నటి వాన, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, తడిసిన గడ్డి వాసన. మలుపు తిరిగితే రాళ్ళ లారీ ఒకటి చెడిపోయి నిలబడి ఉంది. పక్కన ఒక్క బండికే సందు. పైనుంచి నిండు బస్సు దిగుతోంది. అది పోవాలంటే మా మూడు బండ్లూ మలుపు వెనక వెడల్పు చోటు దాకా వెనక్కి దిగాలి. అన్నిటికన్నా వెనకున్నది జీపు. నూలు సేటుకు రోజూ నడిపేది డ్రైవరు, సొంతంగా నడిపితేనే మజా అని ఆ రోజు అతన్ని వదిలి వచ్చాడు. నాలుగడుగులు వెనక్కి తీసేసరికి చక్రం లోయ అంచుకు పోయింది. మనిషి చెమటలు కక్కుతూ దిగిపోయాడు. రంగుల సేటు మెడ అసలే తిరగదు. మామ స్టీరింగు వైపే చూస్తూ కూర్చున్నాడు. పైన బస్సు హారన్ మీద హారన్.

అత్తమ్మ కొంగు దోపుకుంది. "జరుగుండ్రి" అంటూ పోయి ముందు జీపు ఎక్కింది. నేను మలుపు దగ్గర వానలో నిలబడి చేతులు ఊపుతున్నాను కానీ, నా గుండె నా దగ్గర లేదు. మా గల్లీలో అరుగుకూ అరుగుకూ మధ్య తీసినట్టే తీసింది. జీపు దిగింది. తర్వాత ఫియట్. చివరికి మా అంబాసిడర్. బస్సు మెల్లగా మమ్మల్ని దాటుతుంటే జనం కిటికీల్లోంచి చప్పట్లు కొట్టారు. బస్సు డ్రైవరు బండి ఆపి మరీ "మావశీ, కమాల్ కేలీ!" అని, పిన్నీ అద్భుతం చేశావని మరాఠీలో మెచ్చుకుంటూ దండం పెట్టాడు.

అత్తమ్మ స్టీరింగు ముందు నుంచి కదలలేదు. మామ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయిపాయె గద, దిగు."

"దిగ. అటు పోయి కూసో. ఘాటు నేనెక్కిస్త."

మామ మిగతా ఇద్దరి వైపు చూశాడు. నూలు సేటే, ఆడవాళ్ళొద్దన్న ఆ నూలు సేటే, వానలో తడుస్తూ అన్నాడు: "పోయి కూసో అన్నా. వదినెను ముందట పోనీ, మేం ఎన్కల వస్తం."

మామ చుట్టూ తిరిగి వచ్చి ఇటు పక్క కూర్చున్నాడు. బండి ఒకసారి దూకి ఆగింది. రెండోసారి కదిలింది. మలుపు మీద మలుపు, అత్తమ్మ పెదవులు బిగించి ఎక్కిస్తోంది, వెనకే ఫియటూ జీపూ. పైకి చేరి కింద పచ్చని లోయంతా పరుచుకుని కనబడగానే ఆమె సాంచెల మధ్య అరిచే గొంతుతో "ఎక్కిందే! బిడ్డా, ఎక్కిందే!" అని అరిచింది. నేను ఏడ్చాను, సిగ్గెందుకు? నల్‌దుర్గ్‌లో నీళ్ళ ముందు నిమిషం కూడా నిలబడలేదు. "నీళ్ళే గదా, పా పా" అని తాళం తిప్పింది. హైవే ఎక్కేసరికి మామ కిటికీలోంచి చెయ్యి చాపి సిగ్నళ్ళు ఇస్తున్నాడు. భవాని పేట్ చేరేసరికి, గుమ్మాల్లో నిలబడ్డ వాళ్ళందరికీ "నేనే నేర్పిన" అని చెబుతున్నాడు. ఎవరూ నవ్వలేదు. కాదు, నవ్వారు, ఈలలు వేసి మరీ.

అత్తమ్మకు తన పుట్టిన తేదీ తెలియదు. ఆ తరం ఆడవాళ్ళకు ఎవరు రాసి పెట్టారు గనక? అంతకుముందు ఏ సంగతైనా "నా పెండ్లికి ముందు", "కరువప్పుడు" అని చెప్పేది. ఆ రోజు తర్వాత మాత్రం "నేను ఘాటెక్కిన యాడాదికి ముందా, ఎన్కనా?" అని అడగడం మొదలుపెట్టింది. నా కొడుకు పుట్టింది ఘాటెక్కిన మరుసటేడు, మామ పోయింది ఘాటెక్కిన పదేళ్ళకు. ఆమె పోయి చాలాకాలమైంది, గోడ మీద క్యాలెండర్లు ఎన్నో మారాయి, మా ఇంట్లో కాలాన్ని మాత్రం ఇప్పటికీ ఆ శ్రావణం నుంచే లెక్కపెడతాం.