చివరి పేరు పడేదాకా

ఈ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. సినిమా చివర పేర్లు పడుతుండగానే సత్తార్ అంకుల్‌ను చెయ్యి పట్టుకుని హాలు బయటికి లాక్కొచ్చాను.

అంకుల్ మా పక్కింటి షబానా తండ్రి. కర్నూలులో బట్టల కొట్టు. రేపే తిరుగు ప్రయాణం. షబానాకు ఈ శనివారం కూడా ఆఫీసు ఉండడంతో, ఒక హాలీవుడ్ స్టూడియో సిడ్నీలో కొత్తగా తెరిచిన శాఖను ఆయనకు చూపించే పని నాకొచ్చింది.

తొమ్మిదికి మా పెండిల్ హిల్ స్టేషన్‌కు వెళ్తే రైళ్లు లేవు, పట్టాల మరమ్మతట. బదులు వేసిన బస్సు దారిలో పారమట్టా దగ్గర అరగంట కదల్లేదు. పైగా నా మొబైల్. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయన్న వై2కె గండం ఇంకో నెలలో ఉంది, మా మేనేజరుకు సెలవంటే తెలియదు. దారి పొడవునా అంకుల్ ఏదో చెబుతూనే ఉన్నారు. నేను ఫోను చెవి మీంచి తీయకుండా "ఆఁ, ఆఁ" అన్నాను.

స్టూడియో గేటు దగ్గర, మేం కట్టుకెళ్లిన పులిహోర డబ్బాను లోపలికి రానివ్వలేదు. ఎండలో నిలబడే తినేశాం.

లోపల ఆ స్టూడియో చరిత్ర మీద చిన్న సినిమా. రేకుల షెడ్లలో ఎండ వెలుగుకు తీసిన మూగ బొమ్మలు, నెల జీతానికి పనిచేసిన తారలు, టీవీ వచ్చాక అమ్ముకున్న స్థలాలు, చివరికి సముద్రం దాటి, ఒకప్పుడు పశువుల పోటీలు జరిగిన ఈ మైదానానికి రావడం. బాగుంది. పేర్లు మొదలవగానే లేచాను. శుభం కార్డు పడేలోపే సైకిల్ స్టాండుకు పరిగెత్తిన అలవాటు మనది. పైగా మూడింటి బస్సు అందుకోవాలి.

బయట అంకుల్ ఆగిపోయారు.

"మా పాప పేరు పడలేదు గదప్పా!"

"షబానా పేరా?"

"పొద్దున్నుంచి నీకు అదే గదా చెప్తాండేది! ఆ మూగ బొమ్మల పాత రీళ్ల మీద పడిన గీతలన్నీ కంప్యూటర్లో తుడిచింది అదే. నీ బిడ్డ ఏం పని చేస్తాదని ఊర్లో అడుగుతారు. గీతలు తుడుస్తాదంటే నగుతారు. పేరు నా కండ్లతో చూసినానని వాళ్లమ్మకు చెప్పల్ల."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నాలుగింటికి ఆఖరి ఆట ఉందన్నారు. మళ్లీ టికెట్లు కొని, మొబైల్ ఆపేసి కూర్చున్నాను.

ఈసారి లైట్లు వెలిగినా కదల్లేదు. చీపురు పట్టుకుని ఒకమ్మాయి వచ్చి నిలబడినా కదల్లేదు. దాదాపు అన్నీ అయిపోయాక వచ్చింది షబానా పేరు. అంకుల్ లేచి నిలబడ్డారు.

"ఉండాది! ఇంత సన్నగా రాసినారే, పిసినారోళ్లు!" అని తిడుతూ కళ్లు తుడుచుకున్నారు.

మీరు వెళ్తే రైళ్లున్న రోజు చూసుకోండి, పులిహోర కట్టుకోకండి. చివరి పేరు పడేదాకా లేవకండి.

తిరుగు బస్సు పారమట్టాలో మళ్లీ ఆగింది. "అంకుల్, పొద్దున చెప్పింది మొదట్నుంచి మళ్లీ చెప్పండి" అన్నాను.

"ఫోన్ రాదు గదా?"

"రాదు."

ఆయన షబానా పుట్టిన నాటి వాన దగ్గర మొదలుపెట్టారు. పెండిల్ హిల్‌లో దిగేసరికి ఆమె ఇంకా ఇంటర్ పాసవలేదు. మిగతాది వాళ్ల గేటు ముందు నిలబడి విన్నాను.