దుప్పట్లక్క బెంచీ

దుప్పట్లక్క ఫోన్లో దుప్పట్లు అమ్ముతుంది. ముందుగదిలో కిటికీ పక్కన నిలబడి, వీధివాళ్ల గ్రూపులో లైవ్ పెట్టి, ఏ దుప్పటినైనా మొదట తిరగేసి చూపిస్తుంది. "ముందు లోపం చూడండమ్మా, ఇదిగో ఇక్కడ కుట్టు వంకర. అందం తర్వాత చూద్దురుగాని," అంటుంది. ఆ నమ్మకంతోనే కొనేవాళ్లు సరిగ్గా చూడకుండా "నాకొకటి" అని మెసేజి కొట్టేస్తారు. అమ్మినవాటిని మోకాళ్లు మొరాయిస్తున్నా ఇంటింటికీ తనే మోసుకెళ్తుంది.

ఈమధ్య వీధి ప్లాను ఖాయం చేసేముందు అక్కడుండేవాళ్లను అడగాలని కొత్త పద్ధతి వచ్చింది. మీటింగు పెడితే కుర్చీలే తప్ప మనుషులు రాలేదు. ప్లానింగు ఆఫీసరమ్మ తల పట్టుకుని, వీధంతా చూసేది అక్క లైవే కదా అని వీధి పటంతో ఆమె దగ్గరికొచ్చింది. అక్క ఆ పటాన్నీ దుప్పటిలాగే రెండు చేతులా ఎత్తిపట్టి, "ముందు లోపం చెప్తా. ఇంత పొడుగు వీధికి కూర్చోడానికి ఒక్కటే బెంచీ," అంది లైవ్‌లో. అంతే, అలవాటు కొద్దీ "నాకొకటి", "మా అత్తగారికొకటి" అంటూ వరస కట్టారు. "రంగు పోతుందా?" అని కూడా ఎవరో అడిగారు. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. "చూడకుండా కొట్టేశారమ్మా, ఏమనుకోకండి." ఆఫీసరమ్మ నవ్వలేదు. "అడిగారు కదక్కా, అది చాలు," అంది. ఇప్పుడు ప్రతి మలుపులోనూ ఒక బెంచీ ఉంది. మొన్న అక్క మూట దించి, కూర్చోబోతూ అలవాటుగా వంగి అడుగున తడిమింది. ఒక కాలు రవ్వంత పొట్టి. కూర్చుంటే ఊగింది. అటుగా వచ్చిన ఆఫీసరమ్మ ఆగి, "లోపమేమైనా ఉందా అక్కా?" అనడిగింది. బుద్ధెరిగాక మొదటిసారి అక్క లోపం దాచింది.

"బంగారంలా ఉందమ్మా. రా, నువ్వూ కూర్చో."